నాలుగు తర్వాత ఆగాలి

"ఏమే, నీ పాట వస్తుంది. ఇనవడ్తుందా?"

"అది నా పాట గాదు. గమ్మున పండుకోరాదు."

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇంతే. భద్రాచలం దవాఖానాలో, మధ్యాహ్నం పూట, కిటికీ పక్క మంచం మీద. బయట రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు పోతోంది. డీజే బండి మోతకు సెలైన్ సీసా ఊగుతోంది. ఆయన కళ్లు తెరిచి ఆ మాట అన్నాడు, నేను ఈ మాట అన్నాను. పడుకున్నాడు. నేను కిందికి పోయి టీ పట్టుకొని వచ్చేసరికి ఇక లేవలేదు.

రెండేళ్లు కావొస్తోంది. మనిషి పోతే ఎవరైనా ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. కానీ నాకు ఏడుపుకంటే కోపమే ఎక్కువ మిగిలింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఆ పాటను "నీ పాట" అన్నది అదొక్కసారే. అంతకుముందు ఎప్పుడు మాటొచ్చినా "మా బ్యాండు పాట" అనేవాడు. అన్నేళ్లకు ఆ మాట నోట్లోంచి వస్తే, నేను కాదన్నాను. ఆయనను కాదనలేదు, బయట మోగుతున్నదాన్ని కాదన్నాను. అది నా పాట కాదు మరి, దాని చర్మం ఒలిచి ఎవరో కప్పుకున్నది. ఆ ముక్క ఆయనకు విడమరిచి చెప్పే టైము నాకు దొరకలేదు. మా ఆవిడకు ఆ పాట మీద ఆశ చచ్చిపోయింది అనుకొని పోయాడో, ఏమనుకొని పోయాడో.

అందుకే ఇది చెప్పి రాయిస్తున్నాను. రాస్తున్నది మా అన్న కూతురు, అంగన్‌వాడీ టీచరు. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కొని చదవగలను, అంతకు మించి రాదు. నేను ఒక తీరుగా చెబుతుంటే తను పుస్తకం భాషలోకి దించుకుంటూ పోతోంది. కానియ్యమన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టమన్నాను. గురువారం కారులో ఒక మనిషి కాగితం కోసం వస్తాడు. వేలిముద్ర వేసిన కాగితం కావాలి ఆయనకు. దాని బదులు ఇది ఇస్తాను.

ఆ కారు మనిషి సంగతి తర్వాత. ముందు పాట ఎట్లా పుట్టిందో రాయాలి.

మాది పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో ఊరు. ఎండాకాలం వస్తే మాకు తునికాకు పని, బీడీలు చుట్టే ఆకు. తెల్లవారుజామునే పోయి ఆకు తెంపి, ఎండ ముదరకముందే మోపు తెచ్చుకొని, నీడన కూర్చొని యాభై ఆకులకు ఒక కట్ట కడతాం. పొద్దు వాలినాక ఆ కట్టలను కల్లానికి తీసుకుపోతాం. ఇది వడ్ల కల్లం కాదు, ఆకు ఆరబెట్టే మైదానం. అక్కడ కట్టలను వరుసలుగా నేల మీద పేర్చాలి. పేర్చేటప్పుడు లెక్క గట్టిగా పైకి చెప్పాలి, ఎందుకంటే కల్లేదారు ఆ లెక్క విని గీతలు గీసుకుంటాడు. కల్లం మీద పెత్తనం ఆయనదే.

మా లెక్కలో ఒకటి ఉండదు. వడ్లు కొలిచినా, ఆకు పేర్చినా మొదటిదాన్ని లాభం అంటాం. లాభం, రెండు, మూడు, నాలుగు. రెండు చేతుల్లో రెండేసి కట్టలు పడతాయి కాబట్టి, నాలుగు అనేసరికి చేతులు ఖాళీ అవుతాయి. అప్పుడు వంగి తట్టలోంచి మళ్లీ నాలుగు ఎత్తుకోవాలి. ఆ వంగే సేపు ఎవరికీ నోరు లేవదు. లేచినాక మళ్లీ లాభం నుంచి మొదలు. అట్లా అయిదు నాలుగులు అయితే ఒక వరుస, కల్లేదారు ఒక గీత గీస్తాడు. మా కల్లంలో కోయ అక్కలు వాళ్లలో వాళ్లు వాళ్ల మాటే మాట్లాడుకునేవాళ్లు, లెక్క మాత్రం అందరం ఒకే తీరుగా చెప్పేవాళ్లం. సాయంత్రం పూట దూరం నుంచి వింటే ముప్పై మంది ఆడవాళ్లు అంటున్నట్టు ఉండదు, కల్లమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నాలుగు మాటలు, ఒక జాగా. నాలుగు మాటలు, ఒక జాగా.

నాకు పెళ్లయిన మొదటి ఎండాకాలం ఆకు పనికి పుట్టింటికి వచ్చాను. మా ఆయనది కారేపల్లి. బ్యాండు మేళంలో డ్రమ్ము కొట్టేవాడు. అవి డిస్కో రోజులు. దర్జీ కొట్టుకు డిస్కో పేరు, మంగలి షాపుకు డిస్కో పేరు, ఐస్‌ఫ్రూట్ డబ్బా మీద కూడా డిస్కో అని రాసుకొని తిరిగేవాళ్లు. మా ఆయన వెండి రంగు మెరుపు చొక్కా ఒకటి కుట్టించుకున్నాడు. మణుగూరులో పెళ్లి మేళం ముగించుకొని, అదే చొక్కాతో, డ్రమ్ము భుజానికి వేసుకొని నన్ను తీసుకుపోదామని నేరుగా కల్లం దగ్గరికే వచ్చాడు.

"అగో, మీ ఇంటాయన వచ్చిండే. అద్దాల బీరువా లెక్క మెరుస్తుండు," అంది ఒక అక్క.

"బీరువా అయితే తలుపు తీసి సూడు, లోపల ఏమన్న ఉందో లేదో," అంది ఇంకొకామె.

అందరూ ఒకటే నవ్వు. ఆయనకు సిగ్గులేదు. ఖాళీ గోనె సంచుల మీద కూర్చొని కాసేపు మా లెక్క విన్నాడు. తర్వాత పుల్లలు తీశాడు. "అక్కా, ఆపకుండ్రి. గట్లనే చెప్పుండ్రి," అన్నాడు. నాలుగు మాటలకు నాలుగు దెబ్బలు, గట్టిగా, సమంగా, డిస్కోలో కొట్టినట్టు. నాలుగు తర్వాత మేము వంగితే ఆయనా పుల్లలు గాలిలో ఆపాడు. మేం లేచి లాభం అనగానే మళ్లీ కొట్టాడు. ఎవరికీ ఏమీ నేర్పలేదు. పది వరుసలు పోయేసరికి ముప్పై మందీ కాళ్లు ఆడిస్తూ పేరుస్తున్నారు.

ఆ సంబరంలో ఎవరూ చూసుకోలేదు. దెబ్బ ఆగకపోతే మేమూ ఆగలేదు, అయిదు నాలుగులకు ఆపాల్సిన వరుసలు ఆరు, ఏడు దాకా పోయాయి. కల్లేదారు పెన్సిలు చెవిలో పెట్టుకొని తల ఊపుతూ కూర్చున్నాడు, గీతలు గీయడం మరిచిపోయాడు. తెలివి వచ్చాక ఎగిరిపడ్డాడు.

"ఏందిది, కల్లమా, కచేరా? వరుసలు పాము తీరుగ పోయినయ్. మొత్తం మల్ల పేర్చుండ్రి!"

"నువ్వు కూడ తల ఊపినవ్ గద సారూ," అన్నాన్నేను.

"నేను ఈగలు తోలుకున్న," అన్నాడాయన.

అట్లా మొత్తం ఎత్తి మళ్లీ పేర్చాం. ఆ రెండోసారి పేర్చేటప్పుడే పాట వచ్చింది. ఆకు ఎత్తుకుపోయే లారీ దూరంగా దుమ్ము రేపుకుంటూ వస్తోంది, నా నడుము పట్టేసింది, అయినా కాలు ఊరుకోవడం లేదు. ఉన్నది ఉన్నట్టు అన్నాను.

లాభం, రెండు, మూడు, నాలుగు,

లారి రాంగ లేచె దుమ్ము.

లాభం, రెండు, మూడు, నాలుగు,

లేవనంది వంగిన నడుము.

కాలు మాత్రం ఆగనందే, కల్లం మీద డిస్కో!

మా ఆయన పుల్లలు కింద పెట్టి నా మొహం చూశాడు. "మల్ల అను," అన్నాడు. ఆ చూపు ఇంకా నాకు జ్ఞాపకం ఉంది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అట్లా చూడలేదు.

రెండు నెలలకు పాట రికార్డు చేయించడానికి ఖమ్మం తీసుకుపోయాడు. ఒక చిన్న గది, గోడలకు బొంతలు వేలాడేసి ఉన్నాయి, ఊపిరి ఆడదు. మిషను దగ్గర ఒకాయన, పిల్లనగ్రోవికి ఒకరు, క్యాసియోకు ఒకరు, డ్రమ్ముకు మా ఆయన. నేను లాభం అనగానే మిషనాయన ఆపేశాడు.

"ఒకటి అనమ్మా. లేకుంటె వన్ అను. డిస్కో పాటకు లాభం ఏంది, కిరాణం దుకాణం తీరుగ?"

"మీ దుకాణంల ఏమన్న అనుకోండ్రి. మా కల్లంల లాభమే," అన్నాను.

అది ఒప్పుకున్నాడు. కానీ నాలుగు తర్వాత నేను ఆగిన ప్రతిసారీ మాట మరిచిపోయాననుకొని మిషను కట్టేశాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అయిదోసారి నాకు విసుగొచ్చి, నాలుగు అనగానే నిజంగానే వంగాను, కింద తట్ట ఉన్నట్టు చేతులు పెట్టి లేచాను, లేచి లాభం అన్నాను. మిషనాయన మిషను కట్టలేదు. పాట అయిపోయాక, "వంగుడు కూడ పాటేనన్నమాట," అన్నాడు. ఆ గదిలో ఆ పాటను అర్థం చేసుకున్న పరాయి మనిషి ఆయనొక్కడే. ఆయన చల్లగుండాలి.

క్యాసెట్టు డబ్బా వచ్చింది. పైన నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఎవరో పిల్ల బొమ్మ. అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పటికే సంతకం నేర్చుకున్నాను కాబట్టి నా పేరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ పేరు ఎక్కడా లేదు. అన్న కూతురు తర్వాత చదివి చెప్పింది, గానం అని ఉన్నచోట "బృందం" అని ఉందట.

"నా పేరేది?" అని అడిగాను.

"ఇంటి ఆడమనిషి పేరు డబ్బా మీదెక్కితే బజారు మాట అయితది," అన్నాడు మా ఆయన.

"గొంతు బజార్ల తిరగొచ్చు గని పేరు తిరగొద్దా?"

చొక్కా ఉతుకుదామని పోయాడు. కోపం వచ్చినా, తప్పు చేసినా ఆయనకు అదే అలవాటు, ఉతికిన చొక్కానే ఉతికేవాడు. చెడ్డవాడు కాదు. నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. కానీ నన్ను అడగకుండా నా పేరు తీసేశాడు, అది రాయి. పోయిన మనిషని దాచాల్సిన పని లేదు. తర్వాత వచ్చినవాళ్లందరికీ తలుపు తీసి పెట్టింది ఆయనే. పేరు లేని పాటను ఎవరైనా ఎత్తుకుపోతారు.

పాట మాత్రం మార్మోగిపోయింది. ఏ టీ హోటలు ముందు నిలబడ్డా అదే. మణుగూరు బస్సులో డ్రైవరు తిప్పి తిప్పి వేసేవాడు. ఒకరోజు ఆ బస్సులోనే నా పక్కన కూర్చున్నామె అంది, "ఈ పిల్ల ఎవత్తో గని, గొంతు గరుకు కాయితం లెక్క ఉందమ్మా."

"గరుకు ఉంటెనే గద తుప్పు పోయేది," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. చెబితే నమ్మేదా?

మొట్టమొదట మార్చి పాడింది బొగ్గు బాయి కార్మికులు. ఏదో సభలో పాడారు. దుమ్ము బదులు బొగ్గు, లారీ బదులు తట్ట. మా ఆయన సైకిలు మీద తీసుకుపోయి వినిపించాడు. తిడదామనే పోయాను. కానీ వాళ్లు నాలుగు తర్వాత ఆగారు! పార బొగ్గులోకి దిగే సేపు ఆగారు. నోటికొచ్చిన తిట్లు వెనక్కి పోయాయి. పని చేసే మనిషికి ఆ జాగా ఎందుకో చెప్పాల్సిన పని లేదు. ఇన్ని పాటల్లో నేను మాఫీ చేసింది ఆ ఒక్కదాన్నే.

తర్వాత భజన వచ్చింది. తల్లాడ వైపు ఒక భజన మండలి వాళ్లు నా దరువును పట్టుకొని, మాటలన్నీ తీసేసి దేవుడి పేర్లు పెట్టుకున్నారు. నవమికి భద్రాచలంలో తలంబ్రాల కోసం లైనులో నిలబడ్డాను. మైకులో అదే. డిస్కో తీసేసి నీరసంగా సాగదీసి పాడుతున్నారు, అయినా నా కాలికి తెలిసిపోయింది. కొంచెం కదిలాను. వెనకామె నా భుజం మీద తట్టింది.

"దేవుని పాటకు నడుము ఊపుతవేందమ్మా, సిగ్గు లేదా?"

నా పాటకు నేను ఊగితే నాకు సిగ్గులేదట! ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే పడీ పడీ నవ్వాడు. "దేవుని దాకా పోయింది మా బ్యాండు పాట," అన్నాడు. చూశారా, మళ్లీ బ్యాండే. దేవుడి మీద నాకు కోపం లేదు. నాలుగు తర్వాత ఉన్న జాగాలో తాళాలు మోగించి పూడ్చారే, వాళ్ల మీదే.

ఎన్నికలప్పుడు ఇంకా చోద్యం. కారేపల్లి బజారులో రెండు పార్టీల ఆటోలు ఎదురెదురుగా వచ్చాయి. రెండింటిలోనూ నా పాటే. ఒకదాంట్లో లాభం బదులు వాళ్ల గుర్తు పేరు, ఇంకోదాంట్లో వీళ్ల గుర్తు పేరు. ఇరుకు బజారు, ఎవరూ వెనక్కి తీయరు. రెండు పాటలూ ఒకదాని మీద ఒకటి పడి కుక్కలు కొట్లాడినట్టు మోగాయి. ఆటో దగ్గరికి పోయి, "ఈ పాట నాదిరా, ఆపుండ్రి," అన్నాను. డ్రైవరు తల బయటికి పెట్టి, "అవ్ పెద్దమ్మా, ఓటు కూడ నీదే, మాకే వెయ్యి," అన్నాడు. ఎదుటి ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. అంతవరకు తిట్టుకున్నవాళ్లు నా మీద నవ్వడానికి మాత్రం కలిశారు.

ఇవన్నీ గడిచిపోయాయి. ఫోన్లు వచ్చాక వచ్చిందే అసలు గాయం. దవాఖానా ముందు మోగింది అదే. మొదట సైరను కూస్తుంది. తర్వాత ఒక మగగొంతు "వన్ టూ త్రీ ఫోర్" అంటుంది. ఎవరి కల్లంలో వన్ టూ? నాలుగు తర్వాత ఊపిరి తీసుకునే సందు లేదు, అక్కడ ఈలలు, చప్పట్లు, హే హే అని అరుపులు కుక్కారు. అందులో వంగిన నడుము మాట ఎగిరిపోయింది. దాని బదులు నడుము సన్నగా ఉందట, చూస్తే మత్తెక్కుతుందట. నేను నొప్పి అని చెప్పుకున్న నడుము అది!

అన్న కూతురు ఫోనులో బొమ్మ కూడా చూపించింది. మా అడవి అంచునే తీశారు. పదిమంది ఆడపిల్లలు, ఒక్కరి గోరులోనూ మట్టి లేదు. చేతుల్లో ఆకులు పట్టుకొని ఎగురుతున్నారు. దగ్గరికి జరిపి చూస్తే అవి టేకాకులు. టేకాకు! విస్తరి కుట్టుకుంటారే, అది. తునికాకు కల్లం పాట పాడుతూ టేకాకు పట్టుకున్నారు. ఒక్క ముసలిదాన్ని అడిగినా చెప్పేదే. అడిగే అవసరం వాళ్లకు కనబడలేదు.

"కింద ఏమో రాసిన్రు అత్తా," అంది నా మేనకోడలు, మొహం దించుకొని.

"ఏం రాసిన్రు?"

"జానపదం అని. సేకరణ అని ఒకాయన పేరు."

"సేకరణ అంటె?"

"ఏరుకొచ్చిండని."

ఆకు ఏరుకొచ్చేది మేము. ఆయన నన్ను ఏరుకొచ్చాడట. చెట్టుకింద రాలిపడి ఉన్నానా?

ఆ సేకరణ మనిషే మొన్న కారులో వచ్చాడు. ఇంట్లో లేనని కల్లం దగ్గరికి వచ్చాడు. మా ఆయన పోయినాక పుట్టింటి ఊరికే వచ్చేశాను. ఇప్పుడు ఆకు తెంపడానికి మోకాళ్లు ఒప్పవు, కట్టలు పేర్చడానికి మాత్రం పోతాను. మర్యాద ఉన్న మనిషే, అబద్ధం చెప్పకూడదు. చెప్పులు విడిచి కల్లంలోకి వచ్చాడు.

"అమ్మా, ఆ పాట మీ ప్రాంతం పాట కదా. సినిమావాళ్లు అడుగుతున్నారు. ఇది పాత జానపదం, దీనికి రచయిత లేరు అని ఊళ్లో పెద్దవాళ్లు ఒక కాగితం ఇస్తే సరిపోతుంది. మీరు ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

"రచయిత అంటె ఎవరు?" అని అడిగాను.

"పాట కట్టిన మనిషి."

"ఆ మనిషి మీ ముంగట్నే నిలబడ్డది."

నవ్వాడు. వెటకారం నవ్వు కాదు, చిన్నపిల్లలను చూసి నవ్వే నవ్వు. అప్పుడే అటు వరుసలో ఆడవాళ్లు పేరుస్తున్నారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా ఫోను తీసి వాళ్ల వైపు పట్టాడు.

"వినండి అమ్మా, మీరే వినండి. అందరూ అదే అంటున్నారు. మీ తాతల కాలం నుంచీ అంటున్నారు. మరి ఇది మీ ఒక్కరిదీ ఎట్లా అవుతుంది?"

నిజం చెప్పాలంటే ఆయన అన్నది తప్పు కాదు. లాభం నేను పుట్టించలేదు. మా అమ్మ దగ్గర విన్నాను, మా అమ్మ వాళ్ల అమ్మ దగ్గర విన్నది. ఆ జాగా కూడా నాది కాదు, వంగిన ప్రతి ఆడదానిదీ. కోపం వల్ల నేనే ఎక్కువ అడుగుతున్నానా అనిపించింది. ఆయనకు దారి చూపడానికి వెంట వచ్చిన కోడలు కాగితం చదువుతూ నా వైపు చూస్తోంది. ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

వాళ్లలో ఒకామె, నాకంటే పెద్దది, కోయ అక్క, ఆ రోజు డ్రమ్ము కొట్టినప్పుడు కూడా ఉన్నది, చేతిలో కట్టలు పట్టుకొనే అంది: "లారి దుమ్ము మాట మా నాయనమ్మ అనలే సారూ. అప్పుడు లారిలే రాకపాయె. గా మాట ఈమెదే. డిస్కో ఈమె ఇంటాయన మెరుపంగిది. మీకు ఫోన్ల ఎట్ల ఎక్కిందో మాకు తెల్వది గని, మా వరుసలు చెడగొట్టిన పాట మాకు తెల్వదా? ఆ పొద్దు మొత్తం రెండుసార్లు పేర్చినం. ఇగో, నడుము ఇంక గుర్తు పెట్టుకుంది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కానీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను ఆయన ముందుకు జరిగాను.

"లెక్క అందరిది బాబూ. పాట నాది. దరువు మా ఆయనది. మూడు సంగతులు. మీ కాయితంల మూడూ రాసుకొని రాండ్రి."

"అట్లా కుదరదమ్మా, కాగితం ఇప్పటికే ప్రింటు అయింది. ఒక్క వేలిముద్రే కదా."

"నాకు సంతకం వచ్చు," అన్నాను. "వచ్చు గనుకనే చెయ్య."

గురువారం మళ్లీ వస్తానని, అప్పటికి కోపం తగ్గుతుందని చెప్పి పోయాడు. తగ్గలేదు. ఆ కాగితం మీద వేలు పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. డబ్బా మీద నా పేరు లేనప్పుడు అది మా ఆయన చేసిన పని. ఇప్పుడు పెడితే అది నేను చేసిన పని. నా పాట నాది కాదని ఒకసారి నోటితో అన్నాను, పోతున్న మనిషితో. రెండోసారి వేలితో అనమంటున్నారు. మొదటిదాన్నే వెనక్కి తీసుకోలేక రెండేళ్లుగా కుములుతున్నాను.

అందుకని మా ఆయనకు ఇప్పుడు చెబుతున్నాను. వినబడుతుందో లేదో, రాసి పెడితే ఉంటుంది కదా. అవునయ్యా, నా పాటే. ఇనవడ్డది. బొక్కలు ఇరగ్గొట్టి తెచ్చిన్రు గని, లోపల నా పాటే. నువ్వు నీ పాట అన్నవు గద, అది కూడ ఇన్న.

"అత్తా, మెల్లగ చెప్పు. చెయ్యి గుంజుతుంది," అంటోంది కోడలు. చెంగుతో మొహం తుడుచుకుంటోంది. చెయ్యి గుంజితే మొహం ఎందుకు తుడుచుకోవాలి?

"అయిపాయె. ఒక్కటి చెప్పు. పాట రాసినకాడ మొదటి మాట ఏం పెట్టినవ్?"

"లాభం."

"ఒకటి అని రాయలే గద?"

"లేదత్తా."

"నాలుగు తరువాత?"

"కామా పెట్టిన."

"కామా అంటె?"

"చిన్న గీత. కొంచెం ఆగాలని."

"కొంచెం గాదు. వంగి, తట్టల చెయ్యి పెట్టి, లేచేంత సేపు. దాన్ని ఎట్ల రాస్తరు?"

కోడలు పెన్ను కాగితం మీంచి ఎత్తింది. "రాయరు అత్తా. జాగా ఇడిసిపెడ్తరు."

"అయితే ఇడిసిపెట్టు. గురువారం ఆయనకిచ్చే ముందు నాకు ఒక్కసారి ఇనవడాలె. అందరూ నా పాటను మార్చిన్రు, నువ్వు మార్చలేదని నేను చెవులతో ఇనాలె. మొదట్నించి చదువు బిడ్డా. మీ మామ అన్న మాట కాడ్నించి. గట్టిగ చదువు, నాలుగు తరువాత ఆగు."